పాత మియాటాతో ఆటోక్రాస్: తక్కువ ఖర్చులో ముందుగా ఏం మార్చాలి

మొదటి తరం మజ్దా మియాటాను ఆటోక్రాస్ కోసం కొన్నవారిలో చాలామంది, కారు ఇంటికి చేరేలోపే ఎగ్జాస్టుకూ ఎయిర్ ఇన్‌టేక్‌కూ ఆర్డరు పెట్టేస్తారు. శబ్దం పెరుగుతుంది, సమయం మాత్రం తగ్గదు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించి, అమెరికాలో 1990 మోడల్‌గా అమ్మకానికి వచ్చిన ఈ చిన్న కారు ఇంజిను బలం చూపించడానికి తయారైంది కాదు. మొదట్లో ఉన్న 1.6 లీటర్ల ఇంజిను 116 హార్స్‌పవర్ ఇచ్చేది, 1994లో 1.8 లీటర్ల ఇంజిను వచ్చినప్పుడు కూడా అది 128 దగ్గరే ఆగింది. టన్నుకు కాస్త అటూఇటూగా ఉండే బరువు, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, వెనుక చక్రాలను నడిపే ఇంజిను, రోడ్డు సంగతి చేతికి వెంటనే తెలియజేసే స్టీరింగ్ — దీని సత్తా అంతా వీటిలోనే ఉంది. అందువల్ల డబ్బును నేల దగ్గర మొదలుపెట్టి పైకి ఖర్చు చేస్తూ రావాలి: ముందుగా అరిగిపోయిన వాటిని బాగుచేయించడం, తర్వాత టైర్లు, ఆ టైర్లను నేలకు సరిగా ఆనించే అలైన్‌మెంటు, ఆపైన షాక్ అబ్జార్బర్లు, ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే ఇనుప కడ్డీ). ఇంజిను వంతు ఈ వ్యాసంలో దాదాపుగా రాదు.

అమెరికాలో ఆటోక్రాస్ అంటే విశాలమైన పార్కింగ్ స్థలంలోనో, వాడుకలో లేని రన్‌వే మీదనో కోన్లు పెట్టి దారి ఏర్పాటు చేసి, ఒక్కొక్క కారునూ విడిగా వదిలి సమయం కొలిచే పోటీ. ఒక పరుగు సాధారణంగా ఒక నిమిషం లోపే పూర్తవుతుంది. ఎక్కువ భాగం రెండో గేరులోనే గడుస్తుంది, వేగం గంటకు 60 మైళ్లు దాటడం అరుదు. కోనును పడేస్తే 2 సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. మన దేశంలో ఆటోక్రాస్ అనగానే ఎక్కువగా మట్టి నేల గుర్తుకు వస్తుంది, ఇంగ్లండులోనూ ఆ పేరుతో జరిగేది గడ్డి నేల మీదే. కనుక ఆ దేశాల సలహాలు చదివి అమెరికాలో తారు మీద నడిపే కారుకు వస్తువులు కొనకూడదు. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా వంటి చోట్ల ఉద్యోగాలు చేస్తూ వారాంతాల్లో ఈ సరదా మొదలుపెట్టే తెలుగువారికి మరో చిక్కు కూడా ఉంది: చాలా అపార్ట్‌మెంట్ల ఒప్పందాల్లో పార్కింగ్ స్థలంలో కారు మరమ్మతులు చేయకూడదనే షరతు ఉంటుంది. గ్యారేజీ ఉన్న స్నేహితుణ్ణి సంపాదించుకోవడం కూడా బడ్జెట్‌లో భాగమే అనుకోవాలి.

రూల్ బుక్ చదివిన తర్వాతే కొనుగోలు

1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఆటోక్రాస్‌ను సోలో అనే పేరుతో నిర్వహిస్తుంది. దాని రూల్ బుక్ ఏటా కొత్తగా వస్తుంది, క్లబ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. కార్లను వాటికి చేసిన మార్పులను బట్టి స్ట్రీట్, స్ట్రీట్ టూరింగ్, స్ట్రీట్ ప్రిపేర్డ్ వంటి విభాగాలుగా విడదీస్తారు. పాత కారుతో తక్కువ ఖర్చులో ఆడదలచుకున్నవారికి స్ట్రీట్ విభాగం సరైన చోటు, ఎందుకంటే అందులో అనుమతించేవి కొద్ది మార్పులే, ఎదుటివారికీ అవే హద్దులు. ఇంత పాత కారును ఏ క్లాసులో పెట్టారో మాత్రం ఆ ఏటి రూల్ బుక్‌లో చూసుకోవాలి. అందులో షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు, ఒక యాంటీ రోల్ బార్ మార్చుకోవచ్చు, బ్రేక్ ప్యాడ్లు మనకు నచ్చినవి వేసుకోవచ్చు, క్యాటలిటిక్ కన్వర్టర్ వెనుక ఉన్న ఎగ్జాస్టు మార్చుకోవచ్చు. చక్రం వ్యాసం ఒక అంగుళం పెరగవచ్చు లేదా తగ్గవచ్చు, వెడల్పు మాత్రం కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. టైరు ట్రెడ్‌వేర్ సంఖ్య (టైరు ఎంతకాలం అరగకుండా మన్నుతుందో చెప్పే అంకె) 200కు తగ్గకూడదు. స్ప్రింగులు మార్చకూడదు.

ఆఖరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పాత మియాటా కొన్నవారు మొట్టమొదట వేయించే వస్తువుల్లో కారును కిందికి దించే చవక స్ప్రింగులు ఒకటి. అవి బిగించిన మరుక్షణం ఆ కారు స్ట్రీట్ నుంచి జారి స్ట్రీట్ టూరింగ్‌లో పడుతుంది. అక్కడ వెడల్పయిన చక్రాలు, మంచి కాయిలోవర్లు (స్ప్రింగూ షాకూ కలిసి వచ్చే జతలు), పూర్తిగా సిద్ధం చేసిన కార్లు ఎదురవుతాయి. రెండు వందల డాలర్ల స్ప్రింగుల కోసం రెండు మూడు వేల డాలర్ల సామగ్రి ఉన్నవారితో తలపడవలసి వస్తుంది. ఇంతకుముందు యజమాని ఏవైనా వేయించి ఉన్నాడేమో కూడా చూసుకోవాలి, ఎందుకంటే ముప్పై ఏళ్లు దాటిన కార్లలో అసలు స్ప్రింగులతో మిగిలినవి తక్కువే. స్థానిక క్లబ్బులు కొత్తవారికి విడిగా ఒక క్లాసు పెట్టి ఈ విషయంలో కొంత చూసీ చూడనట్టు పోతాయి; అయినా మొదటి సంవత్సరం తర్వాత ఎక్కడ ఆడబోతున్నారో ఆలోచించుకునే ఏ వస్తువునైనా కొనాలి.

ముందు కారును ఆరోగ్యంగా నిలబెట్టాలి

అప్‌గ్రేడ్ అన్న మాట కింద మొదటి ఖర్చు మరమ్మతులదే కావడం చాలామందికి నచ్చదు. కానీ అరిగిన బాల్ జాయింటు మీద ఖరీదైన టైరు వేసినా ఆ టైరు పని చేయదు.

బానెట్ ఎత్తగానే రేడియేటర్ పై ట్యాంకు చూడాలి. కొత్తగా ఉన్నప్పుడు నల్లగా ఉండే ఆ ప్లాస్టిక్ వేడికి వయసు మీదపడి గోధుమ రంగులోకి మారుతుంది. ఆ రంగు కనిపించిందంటే ఏదో ఒక రోజు పగులుతుందనే అర్థం. పరుగు పరుగుకూ మధ్య వరుసలో ఆగి ఉన్నప్పుడు ఇంజిను వేడి దిగే దారి ఉండదు కాబట్టి, అది పగిలేది సాధారణంగా అక్కడే. రేడియేటర్‌తో పాటు గొట్టాలు, థర్మోస్టాట్ కూడా ఒకేసారి మార్చేస్తే మళ్లీ ఆ వైపు చూడనవసరం ఉండదు. సిలిండర్ హెడ్ వెనుక భాగంలో క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని ఓ-రింగ్ గట్టిపడి ఆయిల్ కారడం ఈ కార్లకు సర్వసాధారణం. ఆ రింగు ధర నామమాత్రమే, చెయ్యి దూర్చే చోటు లేకపోవడమే అసలు ఇబ్బంది. టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు మార్చాలని కంపెనీ చెప్పింది. ఎప్పుడు మార్చారో రశీదు లేకపోతే మార్చలేదనే భావించి, వాటర్ పంపుతో సహా మార్పించడం మంచిది. క్లచ్ స్లేవ్ సిలిండర్ కూడా తరచుగా కారుతుంది, తక్కువ ధరకే కొత్తది దొరుకుతుంది.

1990, 1991 కార్లు కొనేవారు క్రాంక్ షాఫ్టు ముక్కును తప్పనిసరిగా పరిశీలించాలి. తొలి 1.6 ఇంజిన్లలో ఆ ముక్కు పొట్టిగా ఉండి, పుల్లీని పట్టి ఉంచే కీ గాడి అరిగిపోయే లోపం ఉంది. 1991 మధ్యలో దాన్ని పొడవు చేసి మార్చారు. ఇంజిను ఆపి, ముందు నుంచి క్రాంక్ బోల్టు చుట్టూ ఉన్న పుల్లీ భాగంలో చీలికలు లెక్కపెడితే విషయం తేలిపోతుంది: నాలుగు ఉంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే పొడవు ముక్కు. నాలుగు కనిపించినంత మాత్రాన భయపడనవసరం లేదు, ఎన్నో ఇంజిన్లు అలాగే నడుస్తున్నాయి. అయితే ఇంజిను ఐడిల్‌లో ఉండగా పుల్లీ ఊగుతున్నట్టు కనిపిస్తే ఆ కారు ధర వేరే లెక్కలోకి వెళుతుంది.

కారును జాకీ మీద ఎత్తి ప్రతి చక్రాన్నీ పైనా కిందా పట్టుకుని ఊపాలి, తర్వాత ఇరుపక్కలా పట్టుకుని ఊపాలి. టక్ టక్ మని కదిలితే బేరింగులోనో, బాల్ జాయింటులోనో, టై రాడ్ చివరలోనో అరుగుదల ఉన్నట్టు. పోటీ ఉదయం జరిగే తనిఖీలో కూడా ఇదే పరీక్ష పెడతారు. ఇక జాకీ సంగతి: ముందు వైపు ఎత్తేటప్పుడు క్రాస్‌మెంబర్ మధ్యలో, వెనుక వైపు డిఫరెన్షియల్ కింద పెట్టాలి. నేల అడుగున పొడవునా కనిపించే పలుచని ఫ్రేమ్ రెయిళ్లు బరువు మోయడానికి ఉద్దేశించినవి కావు. టైరు దుకాణాల్లో వాటి కింద జాకీ పెట్టి నలిపేసిన కార్లు అడుగడుగునా కనిపిస్తాయి. పని ఎవరి చేత చేయించినా ఈ ముక్క ముందే చెప్పి, దగ్గర నిలబడి చూడటం తప్పు కాదు. మడత టాప్ వెనుక, సీట్ల పక్కన ఉండే నీటి రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే నీరు తలుపుల కింది గుమ్మం పట్టీల్లోకి చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది, కాబట్టి తుప్పును బయటి రంగు మీద కాక వెనుక చక్రం ముందున్న అంచు కింద వెతకాలి.

బ్రేకుల విషయం కూడా మరమ్మతుల కిందే చెప్పవచ్చు. నిమిషం లోపు పరుగులో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం జరగదు కనుక పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు దండగ. పాత ద్రవాన్ని పూర్తిగా తీసి కొత్తది నింపడం, క్యాలిపర్ జారే పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పూయడం, చల్లగా ఉన్నప్పుడే గట్టిగా పట్టే ప్యాడ్లు వేయడం — ఇంతటితో సరిపోతుంది. రేస్ ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు వేడెక్కితే గానీ పట్టవు. ఆటోక్రాస్‌లో అవి వేడెక్కేలోపు పరుగే అయిపోతుంది.

కూర్చునే చోటు

దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది వదిలేస్తారు. డ్రైవరు మూలమలుపులో జారిపోకుండా స్టీరింగును పట్టుకుని వేలాడుతుంటే, ఆ స్టీరింగు చెప్పే సంగతి చేతులకు అందదు. సీటును మామూలుకన్నా కొంచెం వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, భుజం పట్టీని ఒక్కసారిగా లాగితే అది బిగుసుకుంటుంది. అలా బిగిసి ఉండగానే సీటును ముందుకు జరిపితే నడుము పట్టీ ఒంటికి అతుక్కుని ఉంటుంది. ఆరడుగుల ఎత్తు ఉన్నవారికి హెల్మెటు టాపుకు తగులుతుంది. అలాంటప్పుడు సీటు కవరు విప్పి, కింది స్పాంజి కొంత కోసి తీయడం ఈ కార్ల యజమానుల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, రంపపు పళ్ల కత్తి ఒక్కటుంటే చాలు. ఒకేసారి ఎక్కువ కోయకుండా, రెండు మూడు సార్లు కూర్చుని చూసుకుంటూ తీయాలి. హెల్మెటుకు రూల్ బుక్ ఒప్పుకునే భద్రతా ముద్ర ఉండాలి, ఎక్కువగా కనిపించేది స్నెల్ సంస్థ ముద్ర. ఆ సంస్థ మోటారు సైకిళ్లకు ఇచ్చే ఎం ముద్రను కూడా సోలోలో అంగీకరిస్తారు, ఏ సంవత్సరం ముద్రలు చెల్లుతాయో మాత్రం ఆ ఏటి రూల్ బుక్‌లో చూసుకోవాలి. చాలా క్లబ్బులు అరువు హెల్మెట్లు ఉంచుతాయి కనుక మొదటి రోజే కొనవలసిన పని లేదు.

టైర్లు

చేతిలో ఉన్నది ఒక్క వస్తువుకు సరిపడే డబ్బే అయితే అది టైర్లకే పోవాలి. సాధారణ ఆల్ సీజన్ టైరుకూ, ట్రెడ్‌వేర్ 200 ఉన్న మంచి టైరుకూ మధ్య తేడా లెక్కల్లో కాదు, సెకన్లలో కనిపిస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా ఎ052 లాంటివి చల్లగా ఉన్నప్పుడే పట్టు ఇస్తాయి, త్వరగా అరుగుతాయి, ధర కూడా ఎక్కువే. హాంకూక్ ఆర్‌ఎస్4 అంత వేగం ఇవ్వదు గాని చాలాకాలం మన్నుతుంది. కొత్తవారికి నేను రెండో రకాన్నే సూచిస్తాను. పట్టు హఠాత్తుగా వదలకుండా ముందే కీచుమని హెచ్చరించే టైరు మీద నేర్చుకున్నంత, అన్నిటినీ క్షమించేసే అంటుకుపోయే టైరు మీద నేర్చుకోలేరు. మొదటి సంవత్సరంలో పరుగులు ఎక్కువ, తప్పులు ఎక్కువ కాబట్టి మన్నికకు విలువ ఉంది. నాలుగు టైర్లకు బిగింపుతో కలిపి సుమారు 600 నుంచి 900 డాలర్ల దాకా కేటాయించుకోవాలి.

కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల చక్రాలకు ఇలాంటి టైర్లు దొరకడం కష్టమైపోయింది. మంచివన్నీ 15 అంగుళాల కొలతల్లోనే వస్తున్నాయి. కాబట్టి చక్రాలు కూడా మార్చవలసి వస్తుంది. రెండో తరం మియాటాలకు వచ్చిన 15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు గల అలాయ్ చక్రాలు పాతవి చవకగా దొరుకుతాయి, నాలుగు బోల్టుల కొలత ఒకటే కావడంతో ఏ మార్పూ లేకుండా ఎక్కుతాయి, 195/50 టైరును చక్కగా మోస్తాయి. 1994 నుంచి వచ్చిన కార్లకు కంపెనీ అలాయ్ చక్రాలే 6 అంగుళాల వెడల్పు ఉండేవి కనుక వెడల్పు నియమానికి కూడా అడ్డు రావు. మొదటి కార్లలో మామూలుగా వచ్చింది అయిదున్నర అంగుళాలే. అలాంటి కారు ఉన్నవారు తమ మోడల్‌కు కంపెనీ ఏయే చక్రాలు ఇచ్చిందో చూసుకుని కొనాలి. పోటీ గురించి పట్టించుకోకుండా సరదాకే నడిపేవారికి 7 లేదా 8 అంగుళాల చక్రాలు ఇంకా మంచివి.

గాలి ఎంత పెట్టాలన్నది టైరు కొన్నంత ముఖ్యం. తలుపు దగ్గరి స్టిక్కరు మీద 26 పీఎస్‌ఐ అని ఉంటుంది, అది మెత్తటి ప్రయాణం కోసం చెప్పిన లెక్క. ఇరుకు చక్రం మీద 32 దగ్గర మొదలుపెట్టి, తెల్ల చాక్‌పీసుతో టైరు భుజం మీద, అంటే తొక్కే భాగం అంచు నుంచి పక్క గోడ మీదికి, మూడు చోట్ల అడ్డగీతలు గీయాలి. టైరు పక్క గోడ అంచున చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. పరుగు ముగించి వచ్చాక దిగి చూస్తే చాక్ ఎక్కడిదాకా చెరిగిపోయిందో తెలుస్తుంది: ఆ త్రిభుజాన్ని దాటి కిందిదాకా చెరిగితే టైరు మడత పడుతోంది, గాలి పెంచాలి, త్రిభుజానికి చాలా పైనే గీత మిగిలిపోతే టైరు అంచు వాడుకలోకి రావడం లేదు, గాలి తగ్గించాలి. రెండేసి పీఎస్‌ఐ చొప్పున మార్చుకుంటూ, ప్రతిసారీ గీత మళ్లీ గీసి, ఏ అంకె దగ్గర ఏమైందో పుస్తకంలో రాసుకోవాలి. పరుగులతో టైరు వేడెక్కినకొద్దీ లోపలి గాలి తనంతట తానే పెరుగుతుంది కాబట్టి, మూడో పరుగుకు ముందు మళ్లీ కొలిచి పెరిగినంత వదిలేయాలి. పది పదిహేను డాలర్ల గేజీ, చాక్‌పీసు, నోటు పుస్తకం: ఈ మూడింటికి మించిన చవక అప్‌గ్రేడు లేదు.

షికాగో, మినియాపొలిస్ వంటి చలి ప్రాంతాల్లో ఉండేవారు ఈ టైర్లను చలికాలంలో గడ్డకట్టే చోట ఉంచకూడదు. ఈ రబ్బరు ఆ చలిలో పగిలే ప్రమాదం ఉంది.

అలైన్‌మెంటు

ఈ కారు మీద మజ్దా ఇంజినీర్లు చేసిన గొప్ప ఉపకారం ఇక్కడ ఉంది. కింది కంట్రోల్ ఆర్ములు (చక్రాన్ని బాడీకి కలిపే కడ్డీలు) బాడీకి కలిసే చోట క్యామ్ బోల్టులు, అంటే తిప్పినకొద్దీ ఆర్మును పక్కకు జరిపే బోల్టులు, ఇచ్చారు. వాటిని తిప్పితే ముందు చక్రాల క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం), వెనుక చక్రాల క్యాంబర్, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మార్చుకోవచ్చు. ముందు టోను మాత్రం టై రాడ్ల దగ్గర సరిచేస్తారు. చాలా కార్లలో విడిగా భాగాలు కొంటే గాని కుదరని పని ఇది. కంపెనీ సర్దుబాటు పరిధిలోనే ఉంటుంది కనుక స్ట్రీట్ నియమాలకూ అభ్యంతరం లేదు.

మలుపులో కారు పక్కకు ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా పైభాగం బయటికి వాలుతుంది, టైరు బయటి అంచు మీదే నడుస్తుంది. ముందుగానే పైభాగాన్ని లోపలికి వాల్చి ఉంచితే, ఒరిగిన క్షణంలో టైరు నేలకు పూర్తిగా ఆనుతుంది. దాన్నే నెగటివ్ క్యాంబర్ అంటారు. కంపెనీ ఎత్తులో ఉన్న కారుకు ముందు చక్రాలకు ఎంత వస్తే అంత అడగాలి. సాధారణంగా అది ఒకటిన్నర డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఆగుతుంది. రెండు వైపులా సమానంగా ఉండేలా తక్కువ వచ్చిన వైపును కొలమానంగా తీసుకోవాలి. వెనుక క్యాంబర్ ముందుకన్నా కొంచెం తక్కువగానో సమానంగానో ఉంచాలి. ముందు టో సున్నా, లేదా మొత్తం మీద 1.5 మి.మీ. బయటికి; వెనుక టో మొత్తం మీద 1.5 నుంచి 3 మి.మీ. లోపలికి. వెనుక చక్రాలు బయటికి తిరిగి ఉంటే ఈ కారు కోన్ల మధ్య గిర్రున తిరిగిపోతుంది, కనుక ఆ ఒక్క అంకె విషయంలో రాజీ పడకూడదు. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసి దుకాణంలో ఇవ్వాలి, డ్రైవరు సీటులో మీ బరువుకు సమానమైన బరువు పెట్టి కొలవమని అడగాలి. ఫ్రాంచైజీ దుకాణాల్లో కంపెనీ పరిధి పచ్చగా కనిపిస్తే చాలని వదిలేసేవారు ఎక్కువ. మీ ఊరి ఆటోక్రాస్ వాళ్లు ఎవరి దగ్గరికి వెళతారో అడిగి అక్కడికే వెళ్లడం మేలు.

ఒక్క అడ్డంకి ఉంది. మంచులో ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన కార్లలో ఆ క్యామ్ బోల్టులు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి. అపాయింట్‌మెంటుకు వారం ముందు నుంచీ రోజూ తుప్పు వదిలించే నూనె పట్టిస్తూ, నట్టు వదులు చేసి బోల్టు కదులుతుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి. కదలనివి ఉంటే దుకాణం వాళ్లు వాటిని కోసి తీయవలసి వస్తుంది, అప్పుడు 150 డాలర్ల పని అనుకున్నది ఎన్నో రెట్లు అవుతుంది. కారు కొనేటప్పుడే ఈ బోల్టులను చూసి బేరమాడటం తెలివైన పని.

షాక్ అబ్జార్బర్లు

అసలు షాకులు ఇంతకాలం మిగిలి ఉంటే అవి షాకులుగా కాక ఇనుప గొట్టాలుగా మిగిలాయనే చెప్పాలి. ఆటోక్రాస్‌లో కారు ఎప్పుడూ ఒకే మలుపులో నిలకడగా ఉండదు. కోన్ల వరుస మధ్య కుడికీ ఎడమకూ ఊగుతూనే ఉంటుంది. ఆ బరువు ఎంత వేగంగా ఒక పక్క నుంచి మరో పక్కకు మారాలో నిర్ణయించేది షాకే. అందుకే ఒక్క స్ప్రింగు కూడా ముట్టుకోకుండా మంచి షాకులు వేసిన కారు, చవక కాయిలోవర్లు వేసిన కారును సులభంగా దాటిపోతుంది.

స్ట్రీట్ మియాటాల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్నవి కోనీ పసుపు రంగు షాకులు. వీటిలో రీబౌండు ఒక్కటే, అంటే స్ప్రింగు తిరిగి విచ్చుకునే వేగం మాత్రమే, పైనుంచి మీటతో సరిచేసుకోవచ్చు. నాలుగింటికీ కలిపి 800 నుంచి 1,000 డాలర్ల దగ్గర అవుతుంది. బిల్‌స్టీన్ షాకులు కూడా మంచివే, కాకపోతే మామూలు రకాల్లో సర్దుబాటు ఉండదు. కోనీలను పూర్తిగా మెత్తన చేసి, అక్కడి నుంచి నాలుగు మూలలా అర చుట్టు బిగించి మొదలుపెట్టాలి. మలుపులోకి తిరిగేటప్పుడు కారు బద్ధకంగా ఉంటే ముందు పావు చుట్టు పెంచి చూడాలి. వెనుక భాగం తొందరగా జారుతుంటే వెనుక పావు చుట్టు తగ్గించాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

షాకులు మార్చేటప్పుడు చిన్న రబ్బరు భాగాల మీద కక్కుర్తి పడకూడదు. ఈ కారుకు సస్పెన్షన్ కిందికి నొక్కుకునే ప్రయాణం మొదటినుంచీ తక్కువ. లోపలి బంప్ స్టాపులు (షాకు అడుగంటకుండా ఆపే రబ్బరు ముక్కలు) పొడి పొడిగా రాలిపోయి ఉంటే, గట్టి మలుపులో షాకు అడుగంటి, ఆ మూల హఠాత్తుగా బిగుసుకుని టైరు పట్టు వదిలేస్తుంది. కారును దించే చవక స్ప్రింగులతో జరిగేది కూడా ఇదే. కారు అందంగా కిందికి దిగుతుంది, కానీ సగం సమయం బంప్ స్టాపుల మీదే నడుస్తుంది. రెండో తరం మియాటా పై మౌంట్లు మొదటి తరం కారుకు ఎక్కుతాయి, వాటితో ప్రయాణం కొంత పెరుగుతుంది. అయితే మీ క్లాసు అందుకు ఒప్పుకుంటుందో లేదో చదువుకున్నాకే ఆ పని చేయాలి. షాకులు విప్పి బిగించాక అలైన్‌మెంటు మళ్లీ చూపించుకోవలసి వస్తుంది కాబట్టి, రెండింటికీ డబ్బు ఒకేసారి చేతిలో ఉంటే షాకులు ముందు వేయించి, అలైన్‌మెంటు తర్వాత చేయించుకుంటే ఒక ఖర్చు మిగులుతుంది.

ముందు యాంటీ రోల్ బార్

మియాటా మలుపు నుంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు లోపలి వెనుక చక్రం తేలికై గిర్రున తిరిగిపోవడం మీరు గమనించే ఉంటారు. సాధారణ డిఫరెన్షియల్ ఉన్న కార్లలో శక్తి అంతా ఆ చక్రం గుండానే వృథా అవుతుంది, 1.6 కార్లలో కొన్నిటికి వచ్చిన విస్కస్ రకం లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఊరికే తిరగకుండా రెండో చక్రానికీ శక్తి పంపే డిఫరెన్షియల్) కూడా ఈ వయసుకు బలహీనపడి ఉంటుంది. 1994 నుంచి కొన్ని కార్లకు వచ్చిన, గేర్లతో పనిచేసే టార్సెన్ రకం ఉన్నవారు అదృష్టవంతులు. ముందు బార్ మందంగా ఉంటే ఒరిగే శక్తిలో ఎక్కువ వాటాను ముందు ఇరుసు మోస్తుంది, కారు తక్కువగా ఒరుగుతుంది, లోపలి వెనుక చక్రం మీద కొంత బరువు మిగులుతుంది. రేసింగ్ బీట్ చేసే బోలు గొట్టపు బార్ ఇందుకు పేరుపడింది. లింకులతో కలిపి 300 డాలర్ల లోపు తేలుతుంది, ఇంటి దగ్గరే రెండు మూడు గంటల్లో బిగించుకోవచ్చు. బార్ గట్టిపడ్డాక దాన్ని పట్టి ఉంచే అసలు బ్రాకెట్ల మీద భారం పెరుగుతుంది, అందువల్ల వాటికి బలాన్నిచ్చే పట్టీలు కూడా తీసుకోవాలి. వెనుక బార్‌ను మాత్రం ముట్టుకోకూడదు; దాన్ని గట్టి చేస్తే లోపలి చక్రం ఇంకా పైకి లేస్తుంది.

మిగిలినవన్నీ వాయిదా వేయదగినవే. షార్ట్ షిఫ్టర్ వల్ల ఉపయోగం లేదు, పరుగు అంతా రెండో గేరులోనే కదా. టర్బో గురించి చెప్పనవసరం లేదు. సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లన్నీ కొత్తవి వేయిస్తే కారు నిజంగానే కొత్తదవుతుంది, కానీ ప్రెస్సు మీద చేయవలసిన ఆ పనికి కూలి ఎక్కువ, రెండో ఏడాదికి ఉంచుకోవచ్చు. డబ్బు ఇంకా మిగిలితే ఎవల్యూషన్ పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ స్కూల్ వాళ్లు పలు నగరాల్లో జరిపే ఆటోక్రాస్ తరగతికి కట్టడం మంచిది. అది కుదరకపోతే, స్థానిక పోటీలో అనుభవం ఉన్నవారిని పక్క సీటులో కూర్చోమని అడగండి, కాదనేవారు అరుదు. ఒకే కారును ఇద్దరు నడిపే వెసులుబాటు కూడా నియమాల్లో ఉంది. టైర్ల ఖర్చు సగమవుతుంది, పైగా మీ కారే మరొకరి చేతిలో ఎంత వేగంగా పోగలదో తెలిసిపోతుంది.

పోటీ ఉదయం తనిఖీకి వెళ్లేముందు కారులోంచి కదిలే వస్తువులన్నీ తీసేయాలి: నేల మ్యాట్లు, ఫోను స్టాండు, డిక్కీలోని స్పేర్ టైరు, జాకీ. మియాటాకు బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. తనిఖీ చేసేవారు దాన్ని చేత్తో పట్టుకుని లాగి చూస్తారు, కాబట్టి పట్టీ బిగువుగా ఉండాలి, ఆమ్లపు ఆవిరి బయటికి పోయే గొట్టం దాని స్థానంలో ఉండాలి. చక్రాల నట్లను టార్క్ రెంచితో 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య బిగించి, రెండు మూడు పరుగుల తర్వాత చక్రాలు చల్లారాక మరోసారి చూసుకోవాలి. బ్రేకు పెడల్ గట్టిగా ఉండాలి, యాక్సిలరేటర్ వదలగానే పూర్తిగా వెనక్కి రావాలి. బీమా పాలసీలో సమయం కొలిచే పోటీలకు మినహాయింపు ఉందేమో ఇంటి దగ్గరే చదువుకుని రావాలి. ఆ తర్వాత చాక్‌పీసు జేబులో వేసుకుని, కోర్సు తెరిచి ఉన్నంతసేపూ నడిచి చూడటమే మిగిలిన పని.